మాక్ డ్రిల్ బానే ఉంది, మరి పక్క ఊరికి చెప్పారా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మన జిల్లా ఎడిషన్లో మూడో పేజీలో ఒక ఫొటో వేశారు. ఏదో కెమికల్ కంపెనీలో మాక్ డ్రిల్ అంట. పసుపు హెల్మెట్లు, ఆరెంజ్ జాకెట్లు, స్ట్రెచర్ మీద పడుకుని నవ్వు ఆపుకుంటున్న కుర్రాడొకడు, పక్కన ఫైరింజను, వెనకాల పెద్ద బ్యానరు. కింద రెండు లైన్ల వార్త, విజయవంతంగా నిర్వహించారు అని. ఆ ఫొటోలో నేను వెతికింది మాత్రం ప్రహరీ గోడ అవతలున్న ఊరోళ్ళు ఒక్కరైనా ఉన్నారా అని. ఒక్కరూ లేరు. సర్పంచి గానీ, ఆశా కార్యకర్త గానీ, బడి హెడ్మాస్టారు గానీ, కనీసం గేటు ముందు టీ కొట్టు పెట్టుకున్నోడు గానీ లేడు.

మీ రిపోర్టర్ని తప్పు పట్టడానికి రాయట్లేదు సార్, పంపించిన ప్రెస్ నోట్ వేసుంటారు, అది మామూలే. కానీ నేను గోపాలపట్నంలో జిరాక్సు, డీటీపీ షాపు నడుపుకునేవాణ్ణి, 2020 మే 7 తర్వాత మా వైపు జనానికి ఇలాంటి ఫొటో చూస్తే వేరే రకంగా అనిపిస్తుంది, అందుకే రాస్తున్నా.

ఆ డేట్ మీకు గుర్తు చెయ్యక్కర్లేదు. ఎల్‌జీ పాలిమర్స్, ఆర్.ఆర్. వెంకటాపురం, తెల్లారగట్ల మూడు గంటల టైము. ట్యాంకులోంచి స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు, ఆవులు కట్టుకొయ్య దగ్గరే పడిపోయాయి, చెట్ల ఆకులు మాడిపోయాయి. దీనిమీద బోలెడు రాశారు, చర్చలు పెట్టారు, అయిపోయింది అనుకున్నారు. నాకు మాత్రం అందులో ఒక్క విషయం ఇప్పటికీ మింగుడు పడదు. అది సైరన్.

ప్రభుత్వం అప్పుడు ఐఏఎస్ అధికారి నీరబ్ కుమార్ ప్రసాద్ గారి అధ్యక్షతన హైపవర్ కమిటీ వేసింది, ఆ కమిటీ 2020 జులైలో రిపోర్టు ఇచ్చింది. ఫ్యాక్టరీ లోపల సైరన్ నొక్కడానికి 36 చోట్ల ఏర్పాటు ఉందని అందులోనే తేలింది. గేటు దగ్గర కూడా ఉంది. ఒక్కచోటా నొక్కలేదు. అంటే పరికరం లేక కాదు, పాడైపోయీ కాదు, ఉండి కూడా మోగలేదు. నొక్కుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను గానీ, నిద్రలో ఉన్న ఊరికి ఆ నిమిషాలు చాలా విలువైనవి. జనం వాసనకి లేచారు, కళ్ళు మంటలకి లేచారు, పక్కింటోళ్ళ కేకలకి లేచారు. చీకట్లో ఎటు పరిగెత్తాలో తెలీక పరిగెత్తారు, బళ్ళమీద నుంచి పడిపోయారు, బావిలో పడి పోయినవాళ్ళూ ఉన్నారు.

పోనీ సైరన్ మోగిందే అనుకుందాం. మోగితే ఏం చెయ్యాలో ఎవరికి తెలుసు? ఇదే సార్ నేను అడగదలుచుకున్నది. స్టైరీన్ ఆవిరి గాలికన్నా మూడు రెట్లకు పైగా బరువు, అది పైకి పోదు, నేలని పట్టుకుని పల్లానికి పాకుతుంది. కాబట్టి మంచం దిగి నేలమీద బోర్లా పడుకోకూడదు, పల్లంలోకి పరిగెత్తకూడదు, గాలి ఎటు వీస్తుందో చూసుకుని దానికి అడ్డంగా పక్కకి, వీలైతే ఎత్తు మీదకి పోవాలి, నోటికీ ముక్కుకీ తడిగుడ్డ పెట్టుకోవాలి. ఇంతే. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఎన్ని కోట్లు కావాలి? 1961లో పెట్టిన ఫ్యాక్టరీ అది, మొదట హిందుస్థాన్ పాలిమర్స్, 1997 నుంచి ఎల్‌జీ చేతిలోకి వచ్చింది. ఇన్ని దశాబ్దాలుగా ఆ గోడ పక్కన బతికిన ఊరికి ఆ రాత్రి ఏం చెయ్యాలో తెలీలేదంటే అది జనం అమాయకత్వం అని కొట్టిపారెయ్యడం చాలా ఈజీ. చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు, అంతే.

చెప్పాలి అన్నది నా కోరిక కాదండి, చట్టం. భోపాల్ అయ్యాక 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41బి అని ఒక సెక్షన్ చేర్చారు, ప్రమాదకరమైన ప్రాసెస్ నడిపే కంపెనీ దాని వివరాలు కార్మికులకీ, ఇన్స్‌పెక్టర్లకీ, లోకల్ బాడీకీ, చుట్టుపక్కల ఉండే జనానికీ చెప్పి తీరాలని. 1989లో ప్రమాదకర రసాయనాల రూల్స్ వచ్చాయి, అందులో పదిహేనో రూలు ఇంకా సూటిగా ఉంది. ప్రమాదం జరిగితే ఎవరిమీద ప్రభావం పడుతుందో వాళ్ళకి ప్రమాదం ఎలాంటిదో, ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో ముందే తెలియజెయ్యాలి. అదే రూల్స్‌లో డ్రిల్ గురించి కూడా ఉంది. ఫ్యాక్టరీ లోపలి డ్రిల్ ఆరు నెలలకోసారి కంపెనీ చెయ్యాలి. బయట ఊరితో కలిపి చేసే ఆఫ్ సైట్ రిహార్సల్ ఏడాదికోసారైనా జరిగేలా అధికారులు చూడాలి. మీరు ఫొటో వేసింది మొదటి రకం. రెండో రకం ఫొటో నేనైతే మా వైపు ఏ పేపర్లోనూ చూడలేదు, మీరు ఎప్పుడైనా వేసుంటే ఆ డేట్ చెప్పండి, పాత పేపర్ల కట్ట తీసి చూసుకుంటా.

ఇప్పుడు కొత్త లేబర్ కోడ్లు వచ్చాయి, పాత ఫ్యాక్టరీల చట్టం పోయింది అంటారేమో, 2025 నవంబర్ నుంచి అవి అమల్లోకి వచ్చిన మాట నిజమే. చట్టం పైన అట్ట మారింది గానీ చెప్పాల్సిన బాధ్యత కొత్తదాంట్లోనూ ఉంది.

మా బావమరిది కొడుకు పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీలో కెమిస్టు. వాడు ఓసారి ఇంటికి వచ్చినప్పుడు మాటల్లో అన్నాడు, "మావయ్యా, ఎప్పుడైనా అటు వచ్చినప్పుడు ఘాటు వాసన కొడితే బండి తిప్పుకుని వచ్చిన దారినే పోకు, గాలి చూసుకుని పక్కకి పో" అని. వాళ్ళకి లోపల ప్రతి కెమికల్‌కీ సేఫ్టీ డేటా షీట్ ఉంటుందంట, పదహారు సెక్షన్లు, ఒంటికి తగిలితే ఏం చెయ్యాలి, పీలిస్తే ఏం చెయ్యాలి, మంట పుడితే నీళ్ళు కొట్టాలా నురగ కొట్టాలా, అన్నీ రాసుంటాయి. సో మా ఇంట్లో వాళ్ళకి ఆ విషయం తెలిసింది ఎందుకంటే లోపల మా కుర్రాడు ఉన్నాడు కాబట్టి. లోపల కుర్రాడు లేని ఇళ్ళ సంగతేంటి? అదే షీట్లోంచి పీలిస్తే ఏం చెయ్యాలి అనే ముక్క తెలుగులో ఒక పేజీ చేసి రేషన్ షాపు గోడకి అంటించడానికి కంపెనీకి ఏం అడ్డం వచ్చింది? పోటీ కంపెనీ ఫార్ములా దొంగిలిస్తుందా? ఫార్ములా ఎవడడిగాడండీ, ట్యాంకులో ఉన్న సరుకు పేరు అడుగుతున్నాం.

ఒక బోర్డు సంగతి చెప్తా. పేరు చెప్పను, మా జిల్లాలోనే ఒక ఫ్యాక్టరీ గేటు పక్కన ఉంది. గేటు బయట ఇలాంటి బోర్డు పెట్టాలని, లోపల ఏ ప్రమాదకర పదార్థాలున్నాయో, ఎంత వ్యర్థం వస్తోందో, గాల్లోకి నీళ్ళలోకి ఏం వదుల్తున్నారో రాయాలని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. కాబట్టి బోర్డు ఉంది. గడులన్నీ ఇంగ్లీషు. పీహెచ్, బీఓడీ, సీఓడీ అని వరసలు, ఎదురుగా మార్కర్‌తో రాసిన అంకెలు ఎండకి ఎలిసిపోయి ఏ నెలవో కూడా కనపడట్లేదు, ప్రమాదకర రసాయనాలు అన్న గడి ముందు గానుగ చెట్టు కొమ్మ ఒకటి పెరిగి అడ్డంగా ఉంది. ఆ కొమ్మ కొట్టలేదు గానీ జూన్ 5న పర్యావరణ దినోత్సవానికి అదే గేటు దగ్గర మొక్క నాటారు, మొక్క ఒకటి, దానిమీద చేతులు పది. బోర్డు పెట్టమన్నారు, పెట్టాం, ఇన్స్‌పెక్షన్ ఫారంలో టిక్కు పడింది. చదివేవాడికి అర్థమయిందా లేదా అన్న గడి ఆ ఫారంలో లేదు.

ఇక పర్మిషన్ల కథ. ఎల్‌జీ పాలిమర్స్ వాళ్ళు 2019 మేలో, అంటే ప్రమాదానికి సరిగ్గా ఏడాది ముందు, రాష్ట్రంలో పర్యావరణ అనుమతులు చూసే అథారిటీకి అఫిడవిట్ ఇచ్చారు, మేం ఉత్పత్తి చేస్తున్న మోతాదుకి సరిపడే చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి మా దగ్గర లేదు అని. వాళ్ళంతట వాళ్ళే కాగితం మీద ఒప్పుకున్నారు. అయినా ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది, పొల్యూషన్ బోర్డు కన్సెంట్లు వస్తూనే ఉన్నాయి. ఒక ఆఫీసుకి తెలిసింది ఇంకో ఆఫీసుకి తెలీదా, తెలిసీ ఊరుకున్నారా? ప్రమాదం తర్వాత ఇద్దరు పొల్యూషన్ బోర్డు ఇంజనీర్లనీ ఒక ఫ్యాక్టరీల అధికారినీ సస్పెండ్ చేశారు, కంపెనీ సీఈఓతో సహా 12 మందిని అరెస్టు చేశారు. కానీ ఆ అఫిడవిట్ అందుకున్న రోజున ఆ కాగితం మా వార్డు ఆఫీసు గోడకి అంటించుంటే? అది రహస్యమేం కాదుగా. ఊరికి అప్పుడే తెలిసుంటే ఎవరో ఒకరు కోర్టుకెళ్ళేవారు, ఎవరో ఒకరు మీ పేపర్‌కి రాసేవారు, కనీసం ఆ ట్యాంకులో ఏముందిరా అని అడిగేవారు.

ట్యాంకు విషయానికొస్తే, కమిటీ చెప్పింది చదివితే కడుపు మండుతుంది. స్టైరీన్‌ని చల్లగా ఉంచాలి, లేకపోతే దానంతట అది గడ్డకట్టడం మొదలుపెడుతుంది, గడ్డకట్టేకొద్దీ వేడి పుడుతుంది, వేడి పుట్టేకొద్దీ ఇంకా వేగంగా గడ్డకడుతుంది. అది ఆపడానికి టీబీసీ అని ఒక మందు కలుపుతారు. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగింది, సరుకు ట్యాంకులో కదలకుండా ఉండిపోయింది, మందు సరిపడా లేదు, చల్లబరిచే సిస్టమ్ సరిపోలేదు, టెంపరేచర్ చూసేది ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. అడుగున మీటరు మామూలుగా చూపిస్తుంటే పైన ఉడికిపోతోంది. చివరికి లోపలి వేడి 150 డిగ్రీలు దాటింది. లాక్‌డౌన్ వల్ల జరిగింది అనడం తప్పు సార్, లాక్‌డౌన్ దేశంలో అందరికీ వచ్చింది.

ఇక్కడ ఎవరైనా ఒక మాట అంటారు, ఫ్యాక్టరీ వచ్చినప్పుడు అక్కడ ఊరు లేదు, జనమే తర్వాత వచ్చి గోడ పక్కన ఇళ్ళు కట్టుకున్నారు అని. కొంత నిజం, 1961లో అది సిటీకి బయటే. కానీ తర్వాత అక్కడ లేఅవుట్లకి ప్లాన్లిచ్చింది ఎవరు, కరెంటు మీటరు, కుళాయి కనెక్షన్ ఇచ్చింది ఎవరు, ఇంటి పన్ను కట్టించుకున్నది ఎవరు? ఒక చేత్తో ఫ్యాక్టరీ విస్తరణకి పర్మిషనిస్తూ ఇంకో చేత్తో దాని గోడ పక్కనే ఇళ్ళకి పర్మిషనిచ్చి, ఆ తర్వాత మధ్యలో ఖాళీ జాగా ఉండాల్సింది అంటే ఎలా. పోనీ జనం తర్వాతే వచ్చారనుకోండి, తర్వాత వచ్చినోడికి ట్యాంకులో ఏముందో చెప్పకూడదని ఏ రూల్లో ఉంది?

నష్టపరిహారం గురించి కొంచెం రాయాలి, ఎందుకంటే మొత్తం చర్చని అదే మింగేసింది. చనిపోయినవాళ్ళ కుటుంబాలకి ప్రభుత్వం కోటి రూపాయలు ఇచ్చింది, వెంటిలేటర్ మీదున్నవాళ్ళకి 10 లక్షలు, ఆసుపత్రిలో రెండు మూడు రోజులు ఉన్నవాళ్ళకి లక్ష, ప్రాథమిక చికిత్స అయితే 25 వేలు, ఆ ఊళ్ళల్లో మనిషికి 10 వేలు ప్రకటించారు. ఇవ్వడం మంచిదే, త్వరగా ఇచ్చారు, కాదనను. గ్రీన్ ట్రిబ్యునల్ కంపెనీ చేత 50 కోట్లు కట్టించింది. నాలుగేళ్ళ తర్వాత 2024లో మాతృసంస్థ ఎల్‌జీ కెమ్ ఇంకో 120 కోట్లు ఇస్తామని ప్రకటించింది.

ఆ రోజుల్లో మా షాపు ముందు కాగితాల కట్టలు పట్టుకుని నిలబడ్డవాళ్ళని చూశాను. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, డిశ్చార్జి చీటీ. ఒకావిడ తెచ్చిన చీటీలో దగ్గు, ఆయాసం అని మాత్రమే రాసుంది, గ్యాస్ పీల్చినట్టు ఒక్క ముక్క లేదు. "బాబూ ఇది చెల్లుద్దా" అని నన్ను అడిగింది. నేనేం చెప్తానండీ, జిరాక్సు తీసేవాణ్ణి. ఇంకొకాయన ఆ రాత్రి తన పిల్లల్ని భుజానేసుకుని మైళ్ళు నడిచి బంధువులింటికి పోయాడు, ఆసుపత్రికి పోలేదు కాబట్టి ఆయన దగ్గర ఏ కాగితమూ లేదు. పారిపోయి బతికినోడికి రుజువు లేదు, పడిపోయినోడికి రుజువు ఉంది. ఆవిడ చీటీ చెల్లిందో లేదో నాకు తర్వాత తెలీలేదు. డబ్బు లెక్కలన్నీ ఇలా ప్రమాదం తర్వాతే మొదలవుతాయి, అందుకే కంపెనీలకీ ప్రభుత్వాలకీ కూడా ఆ చర్చ అంటే ఇష్టం. ముందు ఏం చెప్పారు అన్న చర్చలో ఎవరి దగ్గరా చెక్కు ఉండదు కదా.

ఇంకో పక్క శిక్షలు చూడండి. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986 ప్రకారం ఉల్లంఘనకి ఐదేళ్ళ దాకా జైలు ఉండేది. 2023లో జన్ విశ్వాస్ చట్టం తెచ్చి దాన్ని పెనాల్టీగా మార్చారు, 10 వేల నుంచి 15 లక్షల దాకా. జైలు రాసున్న రోజుల్లో మాత్రం ఎంతమంది పోయారులే అని మీరు నవ్వుకోవచ్చు, నిజమే, కానీ వందల కోట్ల టర్నోవర్ ఉన్న కంపెనీకి 15 లక్షలంటే ఏడాది కాంటీన్ ఖర్చు కూడా కాదు. ముందు నిర్మాణం చేసేసి తర్వాత పర్యావరణ అనుమతి తెచ్చుకునే పద్ధతి ఇక కుదరదని 2025 మే 16న సుప్రీంకోర్టు వనశక్తి అనే సంస్థ వేసిన కేసులో తీర్పిచ్చింది, మా వైపు జనం సంతోషించారు. ఆర్నెల్లు తిరిగేసరికి, నవంబర్ 18న ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఆ తీర్పుని వెనక్కి తీసుకున్నారు. కట్టినవి కూలగొడితే వేల కోట్ల ప్రజాధనం పోతుందన్నది అందులో ఒక కారణం. జస్టిస్ భుయాన్ మాత్రం ఒప్పుకోలేదు. కోర్టు మీద నేను వ్యాఖ్యానించను. కానీ ఇల్లు కట్టుకునే మామూలోడు ప్లాన్ లేకుండా ఒక గది వేస్తే మున్సిపాలిటీవాళ్ళు ఏం చేస్తారో అందరికీ తెలుసు.

సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత అంటారు. లాభాల్లో 2 శాతం ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం. దాంతో మా చుట్టుపక్కల బస్ షెల్టర్లు వచ్చాయి, బడిలో బెంచీలొచ్చాయి, వాటర్ ప్లాంట్లొచ్చాయి, ప్రతిదానిమీదా కంపెనీ పేరు మూరెడు అక్షరాలతో. బెంచీలు వద్దనను. బాధ్యత అంటే ఇదే అని చూపించడమే నచ్చదు. బెంచీ ఇచ్చిన బడి పిల్లలకి సైరన్ మోగితే ఏ గేటులోంచి ఎటు పోవాలో నేర్పించడానికి ఒక పూట చాలు. స్టాక్ మార్కెట్‌ని చూసే సెబీ రూల్ ప్రకారం పెద్ద లిస్టెడ్ కంపెనీలు వెయ్యి ఏటా సస్టెయినబిలిటీ రిపోర్టు అని ఒకటి ఇస్తాయి, మంచి ఫొటోలతో. అది చదివేది ముంబైలో షేర్లు కొనేవాళ్ళు. మా పక్కనుండే చాలా ఫ్యాక్టరీలు అసలు స్టాక్ మార్కెట్లోనే ఉండవు కాబట్టి వాటికి ఆ గొడవ కూడా లేదు.

ఇదంతా ఐదారేళ్ళ కిందటి పాత కథ అనుకోకండి. 2022 జూన్‌లో అచ్యుతాపురం సెజ్‌లో గ్యాస్ వచ్చి వందలాది ఆడపిల్లలు వాంతులు చేసుకుంటూ పడిపోయారు, మళ్ళీ ఆగస్టులో అదే జరిగింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా అక్కిరెడ్డిగూడెం పోరస్ ల్యాబ్స్‌లో ఆరుగురు చనిపోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియాలో సాల్వెంట్ లీకై పేలి 17 మంది. 2025 జూన్ 30న అటు తెలంగాణలో పాశమైలారం సిగాచిలో యాభై మందికి పైగా, కొందరి ఆనవాళ్ళు కూడా దొరకలేదు. వాళ్ళల్లో చాలామంది బీహార్, ఒడిశా లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్ళు. అందుకే బోర్డు తెలుగులో పెట్టమని నేనడిగితే సరిపోదు, లోపల పనిచేసేవాడికి హిందీలో ఒడియాలో కూడా కావాలి. ప్రతిసారీ అదే వరస. మంత్రులొస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు, కమిటీ వేస్తారు, అన్ని ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆడిట్ చేయిస్తాం అంటారు. ఆ ఆడిట్లలో ఏ ఫ్యాక్టరీకి ఎన్ని లోపాలు రాశారో, ఎన్ని సరిచేశారో ఊరికి చెప్పినోడు లేడు.

నేను పరిశ్రమలు వద్దనేవాణ్ణి కాదు. మా వీధిలో సగం ఇళ్ళు ఆ జీతాల మీదే నడుస్తున్నాయి, మా షాపుకి కూడా రెజ్యూమెలు, అప్లికేషన్లు టైప్ చేయించుకునే కుర్రాళ్ళే ఆధారం. కంపెనీ మూసెయ్యండి అని ధర్నా చేసేవాళ్ళకీ, కంపెనీని ఏమీ అనకండి పెట్టుబడులు పోతాయి అనేవాళ్ళకీ మధ్యలో మాలాంటోళ్ళం ఉంటాం, మమ్మల్ని ఎవరూ అడగరు. ఆ ట్యాంకులో ఏముంది, అది బయటికొస్తే ఎంత దూరం వస్తుంది, సైరన్ ఎలా మోగుద్ది, మోగితే ఎటు పోవాలి, ఏ నంబర్‌కి ఫోన్ చెయ్యాలి. మాకు కావాల్సింది ఇదే, ఇది తెలిస్తే పెట్టుబడి ఎందుకు పోతుందో నాకు అర్థం కాదు.

చివరిగా ఒక సంగతి, ఇది మీకు సంబంధించింది కూడా. 1996లో రసాయన ప్రమాదాల రూల్స్ అని వచ్చాయి. వాటి ప్రకారం ఇలాంటి ఫ్యాక్టరీలున్న ప్రతి చోటా లోకల్ క్రైసిస్ గ్రూప్ ఉండాలి, అది నెలకోసారి మీటింగ్ పెట్టాలి, జనం అడిగితే ప్రమాదాల సమాచారం ఇవ్వాలి. అందులో సభ్యులెవరో రూల్స్ వెనక షెడ్యూల్లో రాసుంది. ఫ్యాక్టరీల ఇన్స్‌పెక్టరు, ఫైర్ ఆఫీసరు, స్టేషన్ ఎస్ఐ లేదా సీఐ, ప్రైమరీ హెల్త్ డాక్టరు, సర్పంచి లాంటి ఊరి పెద్ద, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, ఇంకా స్థానిక పత్రిక ఎడిటర్. అవునండీ, ఎడిటర్ కూడా సభ్యుడే. అది చదివి నేను నవ్వుకున్నాను, మీరు నవ్వుతారో కోప్పడతారో మరి.

అందుకని ఆర్టీఐ కింద అప్లికేషన్ ఒకటి పెడుతున్నాను, పది రూపాయల ఫీజే కదా. మా ఏరియాకి లోకల్ క్రైసిస్ గ్రూప్ ఉందా, ఉంటే సభ్యులెవరు, గత ఏడాది ఎన్ని మీటింగులు జరిగాయి వాటి మినిట్స్ ఇవ్వండి, ఊరితో కలిపి ఆఫ్ సైట్ రిహార్సల్ చివరిసారి ఎక్కడ ఎప్పుడు చేశారు, పదిహేనో రూల్ ప్రకారం ఏ కంపెనీ ఏ ఊరికి ఏ భాషలో సమాచారం ఇచ్చింది ఆ కాపీ పెట్టండి, అని అడిగాను. నెల రోజులు టైముంది వాళ్ళకి. ఈలోగా మీ ఆఫీసులో ఒక్కసారి కనుక్కోండి, మీ పేపర్ తరఫున ఆ గ్రూపులో ఎవరైనా ఉన్నారేమో. ఉంటే వాళ్ళ దగ్గరే మినిట్స్ తీసుకుని వేసెయ్యండి, నాకు నెల కలిసొస్తుంది. ఎవరూ లేకపోతే, మమ్మల్ని ఎందుకు వెయ్యలేదు అని కలెక్టర్ గారికి మీరే ఒక లెటర్ పెట్టండి, కావాలంటే నేను ఫ్రీగా టైప్ చేసి పెడతాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
గోపాలపట్నం, విశాఖపట్నం